నత్త కొరికాక నాచు ఏం చేస్తుందో కనిపెట్టడం ఎలా

ఒక రాత్రి గాజు పళ్లెంలో రెండు నాచు ముక్కలు పెట్టాను. రెండూ ఒకే నాచు నుంచి కోసినవే. పొడవు ఒకటే, రంగు ఒకటే. ఒక ముక్క అంతకు ముందు రెండు వారాలు నత్తలతో గడిపింది, రెండోదాని దగ్గరికి నత్త రాలేదు. ఆకలిగా ఉన్న కొత్త నత్తల్ని ఆ రెండింటి మధ్య వదిలి వెళ్లాను. తెల్లారి చూస్తే నత్తల్ని ఎరగని ముక్క అంచులన్నీ తినేసి ఉన్నాయి. ముందే కొరికించుకున్న ముక్క దాదాపు పెట్టినట్టే ఉంది. నా కంటికి కనబడని తేడా నత్త నోటికి తెలిసింది. చాలా ఏళ్లయింది, ఇప్పటికీ ఈ ప్రయోగం పెట్టిన ప్రతి తెల్లవారుజామునా నాకు అదే ఆత్రం.

సముద్రపు గోధుమ శైవలాలు, అంటే గోధుమ రంగు నాచులు, తమను మేసే జీవుల మీద రసాయనాలతో ఎలా ఎదురు తిరుగుతాయో మీ ల్యాబ్‌లో మీరే పరీక్షించుకునే పద్ధతి ఇక్కడ చెబుతాను. శుభ్రమైన సముద్రపు నీళ్లు, ఒక మంచి తూకం, రంగు గాఢతను కొలిచే ఒక స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంటే మొదలుపెట్టవచ్చు. వీటన్నిటికంటే ఎక్కువ కావాల్సింది ఓపిక.

ఏ ఆయుధం కోసం వెతుకుతున్నారు?

గోధుమ శైవలాలను మాటవరసకు మొక్కలంటాం గానీ నేల మీది మొక్కలకు అవి దగ్గరి చుట్టాలు కావు. డయాటమ్‌లు అనే ఏకకణ శైవలాలు ఉండే స్ట్రామినోపైల్ వర్గానికి చెందినవి. బహుకణ శరీరాన్ని విడిగా, తమ దారిలో తాము సాధించుకున్నాయి. కాబట్టి ఆకులను తినే పురుగుల గురించి చదివిన పాఠాన్ని ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోకండి.

వీటిలో అందరూ మొదట వెతికేది ఫ్లోరోటానిన్లు. ఫ్లోరోగ్లూసినాల్ అనే చిన్న అణువులు ఒకదానికొకటి అతుక్కుని పెరిగితే వచ్చేవి ఇవి. ఆ చిన్న అణువు భారం 126 డాల్టన్లు (అణువుల బరువుకు వాడే కొలమానం). గొలుసు పెరిగితే లక్షల డాల్టన్ల దాకా వెళుతుంది. కణాల్లో ఫైసోడ్లు అనే చిన్న సంచుల్లో నిల్వ ఉంటాయి. కొన్ని జాతుల్లో ఎండు బరువులో 20 శాతం దాకా ఇవే. అయితే ఇవి కేవలం ఆయుధాలు కావు. కణ గోడ కట్టడంలోనూ పనికొస్తాయి, అతినీలలోహిత కిరణాల నుంచీ కాపాడతాయి. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, చివర్లో ఫలితాలు చదివేటప్పుడు కావాలి.

డిక్టియోటా అనే నాచు జాతులకు డైటర్పీన్లు అనే ఇంకో రకం రసాయనాలు ముఖ్యం. పాకీడిక్టియాల్ ఎ, డిక్టియాల్ ఇ వంటివి. డెస్మరెస్టియా అనే నాచులో కొన్ని జాతులు కణాల లోపలి రిక్తికల్లో (ద్రవం నిండిన సంచుల్లో) సల్ఫ్యూరిక్ ఆమ్లమే నిల్వ చేసుకుంటాయి, అక్కడి పీహెచ్ 1 దగ్గర ఉంటుంది. లామినేరియా వంటి కెల్ప్‌లు (పెద్ద గోధుమ నాచులు) అయోడిన్ కూడబెడతాయి. 1811లో బెర్నార్డ్ కుర్త్వా అయోడిన్‌ను మొదట కనుగొన్నది సముద్రపు నాచు బూడిదతో పని చేస్తున్నప్పుడే.

ఏ ఆయుధమో తేలాక, ఎంత వేగం అన్నది తేల్చుకోండి. ఫ్లోరోటానిన్లు, డైటర్పీన్లు పెరగడానికి రోజులు, వారాలు పడుతుంది. కెల్ప్ ప్రమాదం పసిగట్టి హైడ్రోజన్ పెరాక్సైడ్ విడుదల చేయడం నిమిషాల్లో అయిపోతుంది. ఈ రెండింటికీ ఒకే ప్రయోగం కుదరదు. ఇక్కడ ఎక్కువగా చెప్పేది నెమ్మదిగా జరిగేదాని గురించి, ఎందుకంటే ఎక్కువమంది తప్పులు చేసేది అందులోనే.

సేకరణ

ఫ్యూకస్, అస్కోఫిల్లమ్ లాంటి గట్టి నాచులతో మొదలుపెడితే చేతికి సులువు. సేకరణకు అనుమతి కావాల్సిన తీరమైతే ముందే తీసుకోండి. ఒకదానికొకటి కొన్ని మీటర్ల దూరంలో ఉన్న విడివిడి నాచుల్ని, కనీసం పదిహేను ఇరవై, ఏరండి. ఒకే నాచును ఇరవై ముక్కలు చేసి ఇరవై నమూనాలని లెక్క రాయకూడదు. అది ఒక్క జీవి చెప్పిన జవాబును ఇరవై సార్లు రాసుకోవడమే.

కొరికిన గాట్లు లేనివి, మీద వేరే నాచులు అతుక్కోనివి చూసి తీసుకోండి. ఒక్కోదాన్ని ఒక్కో సంచిలో, చల్లగా, చీకటిగా ఉంచి తీసుకురండి. డెస్మరెస్టియాను మాత్రం మిగతావాటితో ఒకే బకెట్‌లో వెయ్యవద్దు. నలిగితే ఆమ్లం బయటికి వచ్చి పక్కనున్న నాచుల్ని తెల్లగా పాలిపోయేలా చేస్తుంది.

ల్యాబ్‌కు రాగానే ఒక్కో నాచు నుంచి సమానమైన కొమ్మలు కోయండి, ఎన్ని ట్రీట్‌మెంట్లు (నాచును ఉంచే వేర్వేరు పరిస్థితులు) ఉంటే అన్ని. వయసు ఒకటేలా ఉండాలి, లేత కొసకు, ముదురు భాగానికి రసాయనాల మోతాదు వేరు. ఇలా చేస్తే ప్రతి పోలికా ఒకే జీవి లోపల జరుగుతుంది, జన్యువుల తేడా అడ్డు రాదు. కత్తెర గాయం కూడా నాచుకు ఒక కబురే. అందుకే కోత అన్ని ముక్కలకూ ఒకేలా ఉండాలి, ఆ తర్వాత వారం రోజులు మేసే జీవులు లేని నీళ్లలో వాటిని ఊరికే వదిలెయ్యాలి. నేను ఈ వారాన్ని ఎప్పుడూ తగ్గించను. తీరంలో ఉన్నప్పుడు తగిలిన పాత కాట్ల ప్రభావం తగ్గాలి, కోత గాయం మానాలి.

నీళ్లు: ఇక్కడే నా మొదటి ప్రయోగం పోయింది

మొదటిసారి చేసినప్పుడు డబ్బాలన్నిటికీ ఒకే పంపుతో నీళ్లు తిప్పాను. పోలిక కోసం నత్తలు లేకుండా ఉంచిన కంట్రోల్ డబ్బా గుండా వెళ్లిన నీళ్లు నత్తల డబ్బాలోకి, అక్కడి నుంచి మళ్లీ కంట్రోల్‌లోకి. అప్పట్లో అందులో తప్పేమీ కనబడలేదు. నీళ్లు ఒకటే అయితే పరిస్థితులూ ఒకటే కదా అనుకున్నాను. ఆరు వారాల పని తర్వాత చూస్తే కొరికిన నాచుకూ కొరకని నాచుకూ ఏ తేడా లేదు. ఈ నాచుకు ఎదురు తిరిగే గుణమే లేదని నోట్‌బుక్‌లో రాసేశాను. తప్పు రాతలు కొట్టేయడం నాకు ఇష్టం ఉండదు కాబట్టి ఆ పేజీ ఇప్పటికీ అలాగే ఉంది.

తర్వాత గునిల్లా టోత్, హెన్రిక్ పావియా అనే పరిశోధకులు 2000లో ప్రచురించిన ప్రయోగం చదివాను. అస్కోఫిల్లమ్ నోడోసమ్‌ను లిటొరినా ఆబ్ట్యుసాటా అనే నత్త మేస్తున్నప్పుడు, ఆ నీళ్లు పారిన చోట నత్త తాకని పక్క నాచుల్లో కూడా రక్షణ పెరిగిందని వాళ్లు చూపించారు. అంటే కబురు నీళ్లలో వెళుతుంది. నా డబ్బాల్లో జరిగింది అదే అయి ఉండాలి. కంట్రోల్ నాచులకు నేనే ఆ కబురు మోసి ఉంటాను. తేడా లేకపోవడానికి కారణం నాచు మౌనంగా ఉండటం కాదు, అన్నీ ఒకేసారి మేలుకోవడం.

కాబట్టి ప్రతి డబ్బాకూ పైనున్న ట్యాంకు నుంచి విడి పైపు, విడి చుక్క, బయటికి పోయే దారి కూడా విడి. ఒక డబ్బా నీళ్లు ఇంకో డబ్బాలోకి వెళ్లకూడదు. చేతులు, చిమటాలు, తూకపు పళ్లెం కూడా మధ్యలో కడగండి, ముందు కంట్రోల్ డబ్బాలు ముట్టుకుని ఆ తర్వాతే నత్తల డబ్బాల దగ్గరికి వెళ్లండి. పైనున్న ట్యాంకులో కూడా మేసే జీవులు దూరకుండా నీళ్లు వడకట్టండి. ఇంత జాగ్రత్త అవసరమా అని కొత్తవాళ్లు అడుగుతుంటారు. అవసరమే. ఈ ప్రయోగంలో మిగతావన్నీ సరిగ్గా ఉండి ఇదొక్కటి తప్పినా ఏమీ మిగలదు.

రెండు వారాలు

కనీసం మూడు ట్రీట్‌మెంట్లు పెట్టండి. మొదటిది ఏమీ లేని కంట్రోల్. రెండోది నిజమైన మేసే జీవి. మూడోది కత్తెరతోనో రంధ్రాలు చేసే గొట్టంతోనో చేసిన కృత్రిమ గాయం. వీలుంటే నాలుగోదిగా, మేస్తున్న డబ్బా నుంచి వచ్చే నీళ్లు మాత్రమే అందే నాచు. ఈసారి ఆ కబురును మీరు కావాలనే మోస్తున్నారు.

కృత్రిమ గాయం ఎందుకు విడిగా? నాచుకు నోటికీ కత్తెరకూ తేడా తెలియవచ్చు కాబట్టి. 1988లో వాన్ ఆల్‌స్టైన్ అనే పరిశోధకురాలు ఫ్యూకస్ డిస్టికస్‌ను కత్తిరించి చూస్తే రెండు వారాల్లో పాలీఫినాల్స్ (ఫ్లోరోటానిన్లు ఈ కోవలోవే) పెరిగాయి. పావియా, టోత్ అస్కోఫిల్లమ్‌లో చూసింది వేరు. అక్కడ నత్త మేస్తే ఫ్లోరోటానిన్లు పెరిగాయి. ఐడోటియా గ్రాన్యులోసా అనే ఐసోపాడ్ (రొయ్య జాతికి చుట్టమైన చిన్న జీవి) మేసినా, ఉత్తినే కత్తిరించినా పెరగలేదు. కాబట్టి ఒక జాతిలో వచ్చిన జవాబు ఇంకో జాతికి అంటగట్టవద్దు, ఒక నోరు చేసిన పనిని ఇంకో నోటికీ అంటగట్టవద్దు.

నత్తల సంఖ్య తక్కువగా ఉంచండి. రెండు వారాల్లో గాట్లు స్పష్టంగా కనబడాలి, కానీ ముక్కలో ఎక్కువ భాగం మిగలాలి. నత్తలు పాక్కుంటూ బయటికి వచ్చేస్తాయి, డబ్బా మీద వల కట్టండి. అదే వల కంట్రోల్ డబ్బాలకూ కట్టాలి, లేకపోతే వెలుతురు తేడా వస్తుంది. వెలుతురు, నీళ్లలో నైట్రోజన్ మారితే ఫ్లోరోటానిన్లు కూడా మారవచ్చు, అందుకే డబ్బాల చోట్లు రెండు మూడు రోజులకోసారి మార్చండి. నాచు మీద పేరుకునే జిగట పొరను మెత్తటి బ్రష్‌తో అన్ని ముక్కల మీదా ఒకేలా తుడవండి. నత్త ఉన్న డబ్బాలో ఆ పొరను నత్తే తినేస్తుంది. తుడవకపోతే చివరి పరీక్షలో కొత్త నత్తలు నాచును చూసి ఎంచుకుంటున్నాయో, పొరను చూసి ఎంచుకుంటున్నాయో తేలదు.

కొరుకుడు పరీక్ష

నా అభిప్రాయంలో మొత్తం పనికి గుండెకాయ ఇదే. రసాయనం ఎంత పెరిగిందన్నది తర్వాతి మాట, తినేదానికి నిజంగా తేడా పడిందా అన్నది ముందు. చాలామంది నేరుగా స్పెక్ట్రోఫోటోమీటర్ దగ్గరికి పరుగెడతారు. అంకె పెరిగితే రక్షణ పెరిగిందని రాసేస్తారు. ఫ్లోరోటానిన్‌కు వేరే పనులూ ఉన్నాయని పైన చెప్పాను. రక్షణ అని పిలవాలంటే ఒక నోరు వెనక్కి తగ్గాలి.

నత్తల్ని తీసేసి ప్రతి ముక్కను రెండు చెయ్యండి. ఒక సగం వెంటనే గడ్డకట్టించి రసాయన పరీక్షకు దాచండి. రెండో సగం తాజాగా పళ్లెంలోకి. ఒకే నాచు నుంచి వచ్చిన రెండు ముక్కలు, కొరికినది ఒకటి, కంట్రోల్ ఒకటి, బరువు దగ్గరగా ఉండేలా పెట్టండి. వదిలే నత్తలు కొత్తవి కావాలి, రెండు వారాలు ఆ నాచునే తిన్న పాత నత్తలు కాదు. ఏ ముక్కా సగానికి మించి తరిగిపోకముందే ఆపండి. ఇష్టమైనది అయిపోతే నత్త రెండోదాన్ని తినక తప్పదు, అప్పుడు ఎంపిక అనే మాటకు అర్థం ఉండదు.

తూకంలో తడి పెద్ద సమస్య. ప్రతి ముక్కనూ టిష్యూ కాగితంతో అన్నేసి సార్లే, అంతే ఒత్తిడితో అద్ది తూచండి. ఈ పని మొదటి నుంచి చివరిదాకా ఒకే మనిషి చెయ్యాలి.

నాచు ఆ రోజుల్లో పెరగవచ్చు, తగ్గవచ్చు. ఆ లెక్క కోసం ప్రతి పళ్లేనికీ జోడీగా నత్తలు లేని ఇంకో పళ్లెం పెట్టండి. తిన్నది ఇలా వస్తుంది: ముక్క మొదటి బరువును, జోడీ ముక్క చివరి బరువు భాగించు మొదటి బరువుతో గుణించి, అందులోంచి ముక్క చివరి బరువు తీసెయ్యాలి. ఉదాహరణకు నత్తలున్న ముక్క 1.20 గ్రాముల నుంచి 0.90కి వచ్చింది. నత్తలు లేని జోడీ ముక్క 1.10 నుంచి 1.21కి పెరిగింది, అంటే 1.1 రెట్లు. 1.20 × 1.1 = 1.32. అందులోంచి 0.90 పోతే 0.42 గ్రాములు. జోడీ లేకుండా లెక్కేస్తే 0.30 అని రాసేవాళ్లం. ఈ తేడా కొన్నిసార్లు ఫలితాన్నే తిరగేస్తుంది.

నత్త కాదన్నది రుచి వల్లా, గట్టిదనం వల్లా? ఇది తేల్చడానికి నాచు ఆకారాన్ని చెరిపెయ్యాలి. ఫ్రీజ్ డ్రై చేసిన (గడ్డకట్టించి తేమ తీసేసిన) ముక్కల్ని మెత్తగా పొడి చేసి అగర్ అనే జెల్లీలో కలపండి. 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల అగర్ మరిగించి, 45 నుంచి 50 డిగ్రీల సెల్సియస్‌కు చల్లారాకే పొడి కలపాలి. వేడి అగర్‌లో వేస్తే ఫినాల్స్ ఆక్సీకరణ చెందుతాయి. మరీ ఆలస్యం చేస్తే అగర్ గడ్డకడుతుంది. ఈ కాస్త వ్యవధి మొదట టెన్షన్ పెడుతుంది, పొడి తూచి పక్కన సిద్ధంగా పెట్టుకుంటే సులువు. ఆ ముద్దను కిటికీ వల లాంటి సన్నటి వల మీద పరిచి చదును చెయ్యండి. గట్టిపడ్డాక నత్తలకిచ్చి, తెల్లారి ఎన్ని గళ్లు ఖాళీ అయ్యాయో లెక్కపెట్టండి. తూకం బాధే ఉండదు. అగర్‌లో కూడా అదే తేడా వస్తే గట్టిదనం కారణం కాదని తేలినట్టే.

ఇంకో మెట్టు ఎక్కాలనుకుంటే నాచు సారాన్ని ద్రావకంతో తీసి, నత్తలు ఇష్టంగా తినే ఉల్వా లాంటి పచ్చ నాచు పొడి మీద పూయండి. కంట్రోల్ పొడి మీద ఉత్త ద్రావకం పోయండి. రెండింటినీ పూర్తిగా ఆరబెట్టాకే అగర్‌లో కలపాలి. ఫ్లోరోటానిన్లకు నీళ్లు కలిపిన అసిటోన్, డైటర్పీన్లకు డైక్లోరోమీథేన్, మిథనాల్ మిశ్రమం. రెండోది ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ లోపలే.

అంకె కోసం

ఫ్లోరోటానిన్లకు ఫోలిన్ సియోకాల్టు పద్ధతి అందరికీ అలవాటైనది. నమూనాను ఓవెన్‌లో ఎండబెట్టవద్దు, ఫ్రీజ్ డ్రై చెయ్యండి. పొడిని 70 శాతం అసిటోన్‌లో, చీకటిలో, చల్లగా కలుపుతూ ఉంచి, సెంట్రిఫ్యూజ్ చేసి పైనున్న ద్రవం తీసుకోండి. అదే పొడిని ఇంకోసారి అలాగే చెయ్యండి. ఫోలిన్ ద్రావణం, తర్వాత సోడియం కార్బొనేట్ కలిపితే నీలం రంగు వస్తుంది. 765 నానోమీటర్ల దగ్గర చదవండి. ఫ్లోరోగ్లూసినాల్‌తో స్టాండర్డ్ గీత గీయండి, ఆ స్టాండర్డ్లలో కూడా అసిటోన్ శాతం నమూనాల్లో ఉన్నంతే ఉండాలి.

ఫోలిన్ ద్రావణం ఎలక్ట్రాన్లు ఇచ్చే చాలావాటికి రంగు మారుస్తుంది. విటమిన్ సి, కొన్ని ప్రోటీన్లు కూడా లెక్కలో పడతాయి. అందుకని నమూనాలో కొంత భాగానికి పీవీపీపీ అనే, ఫినాల్స్‌ను పట్టుకునే పొడి కలిపి ఫ్లోరోటానిన్లను పట్టించి, తీసేసి, మిగిలిన రంగును మొత్తంలోంచి తగ్గించండి. కణ గోడకు గట్టిగా అంటుకున్న ఫ్లోరోటానిన్లు అసిటోన్‌కు లొంగవు, వాటికి క్షారంతో విడిగా తీయాలి. కాబట్టి మీ అంకె కరిగే ఫ్లోరోటానిన్లది మాత్రమే అని స్పష్టంగా రాయండి.

నిమిషాల్లో జరిగేది

కెల్ప్‌తో పని చేసేవాళ్లకు ఇది. గోధుమ శైవలాల కణ గోడలో ఆల్జినేట్ అనే పొడవైన చక్కెర గొలుసు ఉంటుంది. సూక్ష్మజీవులు ఆ గోడను కొరికినప్పుడు రాలే ముక్కల్నే నాచు ప్రమాద సంకేతంగా తీసుకుంటుంది. ఫ్రిత్యోఫ్ క్యూపర్ బృందం 2001లో లామినేరియా డిజిటాటాతో దీన్ని చూపించింది. ఆల్జినేట్‌లోని గులురోనేట్ అనే భాగపు ముక్కలు తగిలితే నిమిషాల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఎగజిమ్ముతుంది. అదే ఆల్జినేట్‌లోని మాన్యురోనేట్ ముక్కలకు ఆ శక్తి లేదు. అంటే మీ కంట్రోల్ సిద్ధంగా ఉన్నట్టే.

లేత కెల్ప్ నుంచి బిళ్లలు కోసి, వడకట్టిన సముద్రపు నీళ్లలో ఒక రాత్రంతా వదిలెయ్యండి. కోత వల్ల వచ్చిన అలజడి తగ్గాలి. తర్వాత గులురోనేట్ వేసి, మొదటి అరగంట కొన్ని నిమిషాలకోసారి నీళ్లు తీసి, లూమినాల్, పెరాక్సిడేజ్‌తో వెలుగును కొలవండి (హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటే ఇవి మెరుస్తాయి). ఒకసారి స్పందించిన బిళ్ల గంటల తరబడి మళ్లీ స్పందించదు, కాబట్టి ప్రతి కొలతకూ కొత్త బిళ్ల. ఇక్కడ కూడా నీళ్ల విషయంలో అదే జాగ్రత్త. గులురోనేట్ తగిలిన కెల్ప్‌తో నీళ్లు పంచుకున్న కెల్ప్ ఆ తర్వాత వేరే రకంగా స్పందిస్తుందని ఫ్రాన్స్‌లోని రోస్కాఫ్‌లో పని చేసే పరిశోధకులు 2011లో చూపించారు.

ఫలితం చదివేటప్పుడు

నత్త తక్కువ తింది, ఫ్లోరోటానిన్ పెరిగింది, సారం పూసిన పచ్చ నాచును కూడా నత్త కాదంది. ఈ మూడూ కలిస్తే ధైర్యంగా చెప్పండి. అంకె పెరిగి నత్త మామూలుగా తింటే రక్షణ అనకండి, ఫినాల్స్ పెరిగాయని మాత్రమే రాయండి. నత్త తక్కువ తిని అంకె మారకపోతే నాకు ఎక్కువ సంతోషం, మీ నాచు వేరే ఏదో వాడుతోందన్నమాట. సారాన్ని ద్రావకాల వారీగా విడదీసి ఒక్కో భాగాన్నీ నత్తకు పెట్టి చూడండి.

ఏ నోటితో పరీక్షించారో కూడా తప్పకుండా రాయండి. డిక్టియోటా మెన్‌స్ట్రాలిస్ డైటర్పీన్లు చేపల్ని దూరం పెడతాయి. ఆంపితోయి లాంగిమానా అనే చిన్న ఆంఫిపాడ్ (ఇదీ రొయ్య జాతికి చుట్టమే) మాత్రం ఆ నాచు మీదే కాపురం పెట్టి దాన్నే తింటుంది. అలాంటి ఆంఫిపాడ్ కూడా, మేత వల్ల డైటర్పీన్లు పెరిగిన నాచును తక్కువ తిన్నదని క్రోనిన్, హే అనే పరిశోధకులు 1996లో చూపించారు. చేప ఒక్కదానితోనే పరీక్షించి ఉంటే ఈ రెండో సంగతి బయటపడేది కాదు.

చివరగా, మిగిలిన పొడిని పారెయ్యకండి. నాచు సంఖ్య, ట్రీట్‌మెంట్, తేదీ రాసిన గొట్టంలో వేసి, తేమ తగలకుండా మూసి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచండి. నత్తల్ని తెచ్చిన తీరంలోనే వదిలెయ్యండి. నీళ్ల తప్పుతో పోయిన ఆ మొదటి ప్రయోగపు పొడి నా దగ్గర ఇంకా ఉంది. కంట్రోల్ అని రాసి ఉన్న గొట్టాల మీద ఇప్పుడు ఇంకో చీటీ కూడా ఉంది: నీళ్లు పంచుకున్నవి.